వంద పేజీల బేరం

మొన్న జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే మా తమ్ముడి కూతురు హారిక మా ఇంటికి వచ్చింది. ఒక చేతిలో కేకు డబ్బా, ఇంకో చేతిలో ఇటుకంత లావు డైరీ. కేకు నాకిచ్చి డైరీ తనే ఉంచుకుంది గనక మొదట సంతోషించాను. ఆ సంతోషం కాఫీ కలిపేదాకా కూడా నిలవలేదు. "అత్తా, ఈ సంవత్సరం నుంచి నేను పూర్తిగా మారిపోతుండా," అని డైరీ తెరిచి చదవడం మొదలుపెట్టింది. నాలుగున్నరకు లేవడం, మూడు లీటర్ల నీళ్ళు, పదివేల అడుగులు, ధ్యానం, యాభై పేజీలు చదవడం, చక్కెర బందు, ఇట్లా పన్నెండు. ఒక్కోదానికి ఒక్కో గడి, రోజూ టిక్కు పెట్టాలట. ఫోన్లో కూడా ఏదో ఉంది, గ్లాసు నీళ్ళు తాగి దాన్ని తాకితే చప్పట్లు కొడుతుంది. "నీ పన్నెండు కూడా చెప్పత్తా, ఎక్కిస్తా," అంది.

"పదివేల అడుగులన్నావు. అది చెప్పే రేటు. ఇచ్చే రేటు ఎంత?" అన్నాను.

"ఇది బేరం కాదత్తా, గోల్."

"గోలైనా బిందైనా మొదటి మాటకు ఎవరే ఇచ్చేది?"

నా బుద్ధి అంతే. నెల్లూరులో నన్ను ఎరిగిన ఆటోవాళ్ళు నేను కనిపిస్తే దారి మార్చుకుంటారు. డాక్టరు రోజూ నలభై నిమిషాలు నడవమంటే ముప్పైకి తగ్గించి, మెట్లు కూడా లెక్కలోకి వస్తాయని వాదించి, ఇరవై అయిదుకు ఖాయం చేసుకుని బయటికి వచ్చినదాన్ని. నేను అడిగిన మొదటి రేటుకే ఎదుటి మనిషి సరే అంటే మాత్రం నాకు ఆ పూట అన్నం సయించదు. ఇంకా తక్కువకు అడిగి ఉండాల్సిందే అని లోపల ఒకటే పీకుడు. ఈ జబ్బుకు ఒక పుట్టుక ఉంది. హారిక వెళ్ళిపోయాక ఆ కేకు తింటూ కూర్చుంటే అదంతా కళ్ళముందుకు వచ్చింది.

మాది వాకాడు బజారులో స్టీలు పాత్రల అంగడి. అంగడి ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక గుమ్మం, ఆ గుమ్మం పక్కన పీట, ఆ పీట మీద మా అవ్వ. అవ్వంటే మా నాయన తల్లి. చదువు రాదు గానీ, కంచాల దొంతరను పక్కనుంచి చూసి ఎన్ని ఉన్నాయో చెప్పేది. పొద్దున లేవగానే ఆమె మొదటి పని తాళానికి కొబ్బరినూనె పట్టించడం. సముద్రపు గాలికి మా ఊళ్ళో తాళాలు భార్యాభర్తల్లాగా బిగుసుకుపోతాయి. తరవాత సాంబ్రాణి. ఆ వాసన ఆరేలోపు పార్సిళ్ళ ఎండుగడ్డి వాసన, నాయన తాగే మిరియాల కాఫీ వాసన, పదిగంటలకు చేపలమ్ముకుని వచ్చే ఆడవాళ్ళతోపాటు సముద్రం వాసన. మా ఇంట్లో నీచు ముట్టరు. అవ్వ ఒక నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని రెండో చేత్తో వాళ్ళకు పీట జరిపేది. "ముక్కుది ముక్కుకి, గిరాకీది గిరాకీకి," అనేది.

నాయన పని పేర్లు కొట్టడం. పాత్ర కొన్నవాళ్ళు పేరు కొట్టించుకోకుండా పోరు. ఒళ్ళో బిందె పెట్టుకుని, చిన్న ఉలితో, చిన్న సుత్తితో, చుక్క చుక్కగా అక్షరం దింపేవాడు. టిక్కు టిక్కు టిక్కు అని ఆ చప్పుడు మా ఇంట్లో పొద్దుగూకులూ ఉండేది. అది ఆగితే అమ్మ వంటింట్లోంచి "ఏమైంది?" అని అడిగేది. మనిషి మాట్లాడేది తక్కువ. చదువు కూడా మూడో తరగతితో సరి. ఊరందరి పేర్లూ తప్పు లేకుండా కొట్టేవాడు గానీ, పేరు కంటే పొడుగైన మాట ఏదైనా వస్తే చెమట పట్టేది.

జనవరి ఒకటో తారీఖున మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదని నా నమ్మకం. ఆ రోజు ఇంట్లో ప్రతి మనిషీ కొత్త సంవత్సరానికి ఒక మాట ఇవ్వాలి. ఆ మాటను నాయన ఒక గ్లాసు మీద కొట్టాలి. ఏడాది పొడుగునా ఆ మనిషి ఆ గ్లాసులోనే కాఫీ తాగాలి. కాగితం మీద రాస్తే చించేస్తారు, నోటితో చెప్తే మింగేస్తారు, స్టీలు మీద కొడితే పొద్దున్నే మొహం మీదికి వస్తుందని అవ్వ సిద్ధాంతం. ఉగాదికి చేయొచ్చు కదా అంటే, "ఉగాది దేవుడిది. ఆయనతో బేరమాడకూడదు. జనవరి తెల్లోళ్ళది, ఎంతైనా ఆడొచ్చు," అనేది. దీనికి వాడేది మంచి గ్లాసులు కాదు. పార్సిల్లో సొట్టపోయి అమ్ముడుపోనివి. నిలబెడతామో లేదో తెలియని మాటకు నిలబడే గ్లాసు ఎందుకని.

అసలు సంగతి కొట్టడం కాదు, కొట్టే ముందు బేరం. మా చిన్నాయన గుండెమీద చెయ్యి పెట్టుకుని, "ఈ ఏడు బీడీ మానేస్తా," అన్నాడు ఒకసారి. అవ్వ తల కూడా ఎత్తలేదు. "అది చెప్పే రేటు. ఇచ్చే రేటు చెప్పు." "రోజుకి నాలుగు." "కిందికి రా." "సగం." చివరికి మధ్యాహ్నం అన్నం తిన్న తరవాత కాల్చే ఒక్క బీడీ మానేటట్టు ఖాయమైంది. 'అన్నం తర్వాత బీడీ లేదు' అని గ్లాసు మీద పడింది. చిన్నాయన ఏం చేశాడంటే, కంచంలో చివరి ముద్ద అట్లాగే వదిలి, ఎడంచేత్తో బీడీ పట్టుకుని పెరట్లోకి పోయి, వచ్చి ఆ ముద్ద తినేవాడు. "అన్నం ఇంకా అవలేదు కదమ్మా," అనేవాడు. మా అమ్మ కోపం తగ్గించుకుంటానంటే అవ్వ దాన్ని మంగళవారాలకు కుదించింది. 'మంగళవారం కోపం లేదు.' అమ్మ నిలబెట్టుకుంది. మంగళవారం కోపాన్ని కూడా జాగ్రత్తగా దాచి బుధవారం వాడేది. బుధవారాలు మేమెవరం ఇంట్లో ఉండేవాళ్ళం కాదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఈ బేరంలో నా మెడ ఇరుక్కుంది. నాకు నెల్లూరు పోయి డిగ్రీ చదవాలని ఉండేది. హాస్టల్లో ఉండాలి, సాయంత్రం స్నేహితురాళ్ళతో ట్రంకు రోడ్డు మీద నడవాలి, వాకాడు బజారంటే ఏమిటో తెలియనట్టు మొహం పెట్టాలి. నాయనకు ఇష్టమే. అడ్డం అవ్వ. ఆమె దగ్గర నా చరిత్ర అంతా ఉంది. మిషను కుట్టు మూడు రోజులు, టైపు నేర్చుకోవడం ఎనిమిది రోజులు, హిందీ పరీక్ష ఫీజు కట్టిన రోజు ఒక్కటే, మల్లె అంటు నీళ్ళు పోయక నా కళ్ళముందే ఎండింది. "ఇది నాలుగోదో అయిదోదో అవుద్ది. హాస్టల్లో పెట్టె తెరిచేలోపే తిరిగొస్తావు," అంది అవ్వ. "ఈ జనవరికి ఒక మాట ఇయ్యి. కాలేజీకి కాగితం పంపేదాకా నిలబెట్టు. నిలబెట్టినావా, నెల్లూరు. లేదా, ఈ పీట."

నేను అవ్వ మనవరాలిని. పది రోజులు ఆలోచించాను. నా మనసులో ఉన్నది రోజుకు అయిదు పేజీలు చదవడం. అయిదు అని మొదలుపెడితే ఒకటికి దింపుతుంది, అది మరీ పరువు తక్కువ. ఆమె సగానికి, సగంలో సగానికి కోస్తుంది. అందుకని ఎత్తు మీంచి మొదలుపెట్టాలి. ఆ రోజు అంగట్లో పోలమ్మ కూడా ఉంది. తూపిలిపాళెం వైపు నుంచి వచ్చే చేపలావిడ, పొద్దున్నించీ ఒక బిందె మీద పడి ఉంది. ఆమె ముందు నేను గొంతు సవరించుకుని, "రోజూ వంద పేజీలు చదువుతా," అన్నాను. అని, తరవాతి మాట కోసం నోరు సిద్ధంగా ఉంచుకున్నాను.

అవ్వ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. "సరే. ఖాయం," అంది.

నాయన సుత్తి ఆగిపోయింది. వంటింట్లోంచి అమ్మ, "ఏమైంది?" అని కేకేసింది. అందరికంటే ముందు తేరుకున్నది పోలమ్మే. "ఇదేం నాయమమ్మా శెట్టెమ్మా! ఈ బిందెకి ఒక్క రూపాయి తగ్గించమంటే పొద్దన్నించి నా పాణం తీస్తుండావు. ఆ పిల్లకి ఒక్క మాటకే ఇచ్చేసినావే!"

"అవ్వా, కొంచెం తగ్గించి అడగవా?" అన్నాను, సిగ్గు విడిచి.

"ఎందుకుమే? నువ్వు చెప్పినావు, నాకు నచ్చింది," అంది. నాయన నావైపు జాలిగా చూస్తూ 'రోజూ వంద పేజీలు' అని కొట్టాడు. కొట్టడానికి గంట పట్టింది. ఒక్కొక్క చుక్కా నా నెత్తిన పడ్డట్టే ఉండింది.

మొదటి రోజు నిజాయితీగానే మొదలుపెట్టాను. మా ఇంట్లో చదవడానికి ఏముంటుంది? పంచాంగం చదివాను. పెళ్ళి కార్డులు చదివాను, మడత విప్పితే నాలుగు పేజీలు లెక్క. క్యాలెండరు ముందూ వెనకా చదివాను. దగ్గుమందు సీసా చుట్టూ ఉన్న కాగితం చదివాను. నాకు లేని జబ్బులు నాలుగు తెలిశాయి. సాయంత్రానికి ముప్పై ఏడు. మూడో రోజుకు ఇంట్లో తెలుగు అయిపోయింది. పాఠ్యపుస్తకాలు ఉండేవి కదా అని మీరు అడగొచ్చు. అవి గుర్తుకు రాలేదు.

అప్పుడు కనిపించాయి ఆ పాత పేపర్లు. మా సరుకంతా మద్రాసు నుంచి వచ్చేది. గిన్నెకూ గిన్నెకూ మధ్య అరవ పేపర్లు చుట్టి పంపేవాళ్ళు. గదిలో మూల నా ఎత్తున పేరుకుని ఉండేవి. నాకు అరవం ఒక్క అక్షరం రాదు. అవ్వకూ రాదు. ఇంతకంటే ఏం కావాలి? మర్నాటి నుంచి పీట పక్కన కూర్చుని, పేజీ తిప్పడం, తల ఊపడం, అప్పుడప్పుడూ "అయ్యో" అనడం. అవ్వ ఒక చేత్తో బేరమాడుతూ రెండో చేత్తో నేను తిప్పిన కాగితాలు లెక్కపెట్టేది. రోజూ వందకు వంద.

సాయంత్రం దీపం పెట్టబోయే ముందు, "ఏముండాదిమే దాంట్లో?" అని అడిగింది. ఎదురుగా ఉన్న బొమ్మ చూశాను. మెడలో దండ, గుబురు మీసాలు, నవ్వుతున్న ఒకాయన. "మదురైలో ఒక నగల వ్యాపారి అవ్వా. మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు," అన్నాను. "ముగ్గురికీ తెల్సా?" అంది అవ్వ. ఆ ప్రశ్నతో నాకు పని పడింది. మర్నాడు మొదటి ఆమెకు తెలిసింది. ఆ మర్నాడు రెండో ఆమె పుట్టింటికి పోయింది. మూడో ఆమె బొమ్మ కూడా దొరికింది, పక్క పేజీలో, చేతిలో ఏదో బహుమతి పట్టుకుని. పోలమ్మ బిందె కొని పదిహేను రోజులైనా రోజూ వచ్చి కూర్చునేది. "ఆ పాపిస్టోడు ఏం చేసినాడో చెప్పమ్మా, పడవకి పొద్దవుతుండాది," అనేది. ఇరవై రోజులకు నాకు కథ మోయడం బరువై మూడో ఆమెను బావిలో తోసేశాను. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవ్వ ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకుంది.

మర్నాడు పోలమ్మ ఒక పెద్ద డేగిసా కొనిపిద్దామని తన మరిదిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన కాపురం అరవ దేశంలో పళవేర్కాడు వైపు, అరవం చదువుతాడు. పోలమ్మ నా చేతిలో పేపరు లాక్కుని ఆయన మొహం మీద పెట్టింది. "ఈడే అబ్బయా, ఆ పాపిస్టోడు! మూడో పెళ్ళాం బాయిలో పడింది. పోలీసోళ్ళు పట్టుకున్నారా లేదా, చదివి చెప్పు."

ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి చదివాడు. "వొదినా, ఇది నీళ్ళ మోటార్ల అంగడి ప్రకటన. ఈయన ఆ అంగడాయన. కొత్త బ్రాంచి పెట్టినాడంట."

"మరి ఈమె?"

"కుట్టుమిషను పోటీలో మొదటి బహుమతి."

నేను గోడలో కలిసిపోదామని చూశాను, గోడ ఒప్పుకోలేదు. పోలమ్మ నన్ను చూసింది, పేపరు చూసింది, పెద్దగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య! అయితే ఆ బిడ్డ బతికే ఉండాదన్నమాట!" అని, మరిది చేత డేగిసా కొనిపించి, బేరం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

అవ్వ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నెల్లూరు పోయిందా అవ్వా?" అని ఏడుస్తూ అడిగాను.

"ఆ రోజే పోయింది, నువ్వు వందన్నప్పుడే," అంది. "కొనేవాడు అడిగితే బేరమాడొచ్చు. మోసం చేద్దామని వచ్చినోడితో ఆడకూడదు, ఖాయం అనాల. వాడే నాలుగు రోజులకి దిగొస్తాడు. నువ్వు నాలుగు రోజులు కాదు, ఇరవై రోజులు ఈడ్చినావు. గట్టిదానివే. నెల్లూరు మళ్ళీ కావాలంటే ఇప్పుడు చెప్పు, ఇచ్చే రేటు."

"పది," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"జరమొచ్చిన రోజు కూడానా?"

"అయిదు."

"పెళ్ళికి పోయిన రోజు? పరీక్ష రోజు? మీ అమ్మ బుధవారం?"

"ఒకటి."

"ఇంకా కిందికి రా. అంత తక్కువకి ఇచ్చేది సిగ్గుగా ఉండాల. సిగ్గుపడేంత చిన్నదైతే ఎగ్గొట్టడానికి సాకు దొరకదు." అర పేజీ దగ్గర ఖాయమైంది. అయితే రెండు షరతులు. పైకి చదవాలి. తెలుగులో ఉండాలి. నాయన ఉలి తీసి, గ్లాసు మీద 'వంద'ను అడ్డంగా గీకి, పైన 'అర' అని కొట్టాడు. ఇంట్లో మిగిలిన తెలుగు నా అర్థశాస్త్రం పుస్తకం ఒక్కటే. జూన్ నుంచి మూటగట్టి ఉన్నది అప్పుడు విప్పాను.

అర పేజీ చదవడానికి నాలుగు నిమిషాలు చాలు. మాకు గంట పట్టేది. చేప తక్కువ పడితే రేటు పెరుగుతుందన్న సంగతి పుస్తకంలో ఉందని తెలిసి పోలమ్మ పడీపడీ నవ్వింది. "దీనికి కూడా పరీచ్చ పెడతారా? మా పిల్లకాయలు పుట్టంగానే పాసు!" లడ్లయినా ఏవైనా తినేకొద్దీ తృప్తి తగ్గుతుందన్న సూత్రం వచ్చినప్పుడు, "ఇది మీ చిన్నాయనకి చదివి వినిపించు. లడ్లకి, బీడీలకి, రెండింటికీ," అంది అవ్వ. సంపూర్ణ పోటీ దగ్గర పెద్ద గొడవే జరిగింది. ఆ సంతలో ఎవరి సరుకైనా ఒకటే, అందరికీ ఒకటే రేటు, బేరమే ఉండదు అని చదివాను. అవ్వ నోట్లో ఆకు నమలడం ఆపేసింది. "యాడుండాది ఆ ఊరు?" అంది. ఎక్కడా లేదవ్వా, ఊరికే ఊహించుకున్నారు అన్నాను. "అట్టాంటి ఊర్లో మనుషులు పొద్దెట్టా గడుపుతారుమే? ఈ రాసినాయన ఒక్కరోజన్నా అంగట్లో కూర్చున్నాడా?"

పరీక్షలు అయిపోయాయి. ఇక చదవడం ఎందుకని పుస్తకం కట్టిపెట్టబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పరీక్ష నీది. పొస్తకం మాది. చదువు." ఎండలు ముదిరేసరికి గుత్తాధిపత్యం దాకా వచ్చాం. అంటే ఒకడే అమ్ముతాడు, వాడు చెప్పిందే రేటు. పోలమ్మ చేతులు తట్టింది. "ఎవురో కాదు గదమ్మా, నువ్వే! వాకాట్లో ఇంకో స్టీలంగడి యాడుండాది?" అవ్వ మొహం కందగడ్డ అయింది. "నోరు జాగర్త పోలమ్మా. తగ్గించి ఇయ్యలేదా నీకు బిందె?" "ఎంత తగ్గించినావో పొస్తకంలో రాసుండాదేమో చూద్దాం, చదవమ్మా!" అక్కడ అర పేజీ అయిపోయింది. అవ్వ నియమం అవ్వదే, అంతకుమించి చదవనివ్వదు. ఇద్దరూ మర్నాటి దాకా మూతులు ముడుచుకున్నారు.

కాలేజీకి కాగితం పంపాల్సిన రోజు వచ్చింది. నాయన కొత్త పెన్ను కొన్నాడు. ఆయన సంతకం పెట్టబోతుంటే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఇదివరకైతే దాచేదాన్నే. "అవ్వా, ఒక్క రోజు చదవలేదు. చిల్లకూరులో పెళ్ళికి పోయిన రోజు," అన్నాను.

"తెల్సు. పోలమ్మ వచ్చి, కూర్చుని, తిట్టుకుంటా పోయింది. మర్నాడు చదివినావా?"

"చదివినాను."

"మరింకేంది? ఒకరోజు అంగడి మూసినామని మర్నాడు తెరవకుండా ఉంటామా? పెట్టు సంతకం," అంది నాయనతో. అని, నావైపు చూడకుండా, "గుత్తాధిపత్యం అవలేదు గానీ," అని గొణిగింది.

నెల్లూరు వచ్చాను. నా సంగతి నిజం చెప్పాలంటే, హాస్టల్లో మొదటి నెల ఒక్క పేజీ కూడా తెరవలేదు. ట్రంకు రోడ్డు మీద నడిచాను, అదొక్కటీ అనుకున్నట్టే చేశాను. నన్ను తిట్టడానికి పోలమ్మ లేదు, కాగితాలు లెక్కపెట్టే చెయ్యి లేదు. అలవాటు నాలో ఉందనుకున్నాను. అది ఆ పీట దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు హారిక ఫోను చప్పట్లు కొడుతుంటే నాకు అదే అనిపించింది. అది బాగానే కొడుతుంది. అయితే మనం తాగకపోతే దానికి దాహం వెయ్యదు. మనం రాకపోతే అది పోలమ్మలాగా పడవ పోగొట్టుకుని కూర్చోదు. జనవరి నాలుగో తారీఖున ఫోన్ చేస్తే పిల్ల పన్నెండులో ఒకటి మిగిలిందంది, నీళ్ళు. "ఎన్ని లీటర్లు?" అన్నాను. "నువ్వు చెప్పత్తా," అంది. కాఫీ మానకుండా పొద్దున ఒక్క గ్లాసుకు ఒప్పించి, తాగగానే నాకు ఫోన్ చేయమన్నాను. చేస్తోంది. ఒక రోజు చేయకపోతే నేనే చేసి తిట్టాను.

నేను నెల్లూరు చేరిన ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి బజారు మలుపులోనే టిక్కు టిక్కు వినిపించలేదు. భయమేసింది. పరిగెత్తి చూస్తే, గుమ్మం దగ్గర నాయన ఒళ్ళో బిందెకు బదులు నా అర్థశాస్త్రం పుస్తకం ఉంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరాన్నీ పేరు కొట్టినట్టు కొట్టి కొట్టి చదువుతున్నాడు. "గు... త్తా... ధి..." చెమట కారుతోంది. అవ్వ విసనకర్ర విసురుతోంది. పోలమ్మ బుట్ట దించుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. నాలుగు నెలల్లో వాళ్ళు నడిచింది ఒక పేజీ పైన మూడు వరసలు.

"నాయనా, ఇటియ్యి. ఒక్క పూటలో అధ్యాయం పూర్తి చేస్తా," అని చెయ్యి చాపాను. ఆయన బతికాననుకుని ఇవ్వబోయాడు.

అవ్వ పుస్తకం మీద అరచెయ్యి పెట్టేసింది. "నువ్వు ముట్టబాక. నువ్వు చదివితే మేం ముందుకు పోతాం, మీ నాయన ఎనకబడిపోతాడు," అంది. "కాళ్ళు కడుక్కునొచ్చి ఈడ కూర్చో. మూడో వరసలో ఉండాం."